పైన్ బోన్సాయ్, అతికించిన గులకరాళ్ళు, కార్తీకం వానలు

బ్లాక్ పైన్ బోన్సాయ్, అంటే కుండీలో పొట్టిగా పెంచే పైన్ చెట్టు, ఎలా ఉంటుందో, కుండీ ఎంత లోతుంటుందో అందరూ ఫొటోల్లో చూసే ఉంటారు కాబట్టి అదంతా వదిలేస్తున్నాను. మొక్క మీద నాకు ఫిర్యాదేమీ లేదు. ఉన్నదంతా కుండీలో పైన అందం కోసం జిగురుతో అతికించే ఆ తెల్ల గులకరాళ్ళ మీదే. కొన్నేళ్ళయినా ఆ కోపం చల్లారలేదు, అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

కడియం వైపు రోడ్డు పక్క నర్సరీలో, దసరా వెళ్ళాక కొన్నాను. ఏ నర్సరీ అన్నది అనవసరం. అమ్మినాయన "రోజుకో టీ గ్లాసుడు నీళ్ళు పోస్తే చాలండి, హాల్లో టేబుల్ మీదైనా పెట్టుకోవచ్చండి" అన్నాడు. టేబుల్ మాట నేను అసలు పట్టించుకోలేదు, పైన్‌కి బయట నిండా ఎండ కావాలి, ఇంట్లో పెడితే నెమ్మదిగా ఎండిపోతుంది. మా డాబా మీద కొబ్బరి నీడ పడని మూల ఒకటి ఉంది, అక్కడ పెట్టాను. తిరకాసంతా నీళ్ళ దగ్గరే వచ్చింది. పైన్‌కి పై మట్టి ఆరాకే మళ్ళీ నీళ్ళు పోయాలి, ఆరిందో లేదో తెలియాలంటే మట్టి కనపడాలి, మరి ఇక్కడ కనపడేవన్నీ రాళ్ళే. నీళ్ళు పోస్తే సగం అంచు మీదుగా కారిపోతాయి, మిగతా సగం లోపల ఎటు పోయాయో దేవుడికే తెలియాలి.

దానికి తోడు మన కాలం. ఈ మొక్క సొంతూరు జపాన్, కొరియా సముద్రతీరాలు. చలి ముదిరేకొద్దీ నీళ్ళు తగ్గించాలని బోన్సాయ్ పెంచేవాళ్ళు చెబుతారు. మనకేమో శరదృతువు అన్నది పంచాంగంలోనే, ఆశ్వయుజం కార్తీకాల్లో బంగాళాఖాతంలో ఎప్పుడు ఏ వాయుగుండం లేస్తుందో తెలియదు. 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమ వాళ్ళకి ఆ నెల గురించి నేను చెప్పేదేముంది. కొన్న ఏడాదే దీపావళి దాటగానే ముసురు పట్టింది, నేను చుక్క నీళ్ళు పోయకపోయినా కుండీ తడి తడిగానే ఉంది, ఇంతలో కొమ్మల లోపల సూదులు, అంటే సూదుల్లాంటి దాని ఆకులు, పసుపెక్కడం మొదలైంది. పక్కింటి బాబాయి గారు డాబా ఎక్కి చూసి, "పోయిందిరా అబ్బాయ్, కొండల్లో పెరిగేవి మన నేలకి పడవు" అని తేల్చేశారు.

ఇక్కడ కొత్తగా కొన్నవాళ్ళు టెన్షన్ పడకుండా ఒకటి గమనించాలి. శరత్తులో పైన్ తన పాత సూదుల్ని తనే రాలుస్తుంది. కొమ్మ మొదట్లో ఉండే పాతవి పూర్తిగా పసుపై, తర్వాత గోధుమరంగుకి తిరుగుతాయి, వేలితో అంటితే చాలు జంటగా చేతిలోకి వచ్చేస్తాయి, మొదట్లో చిన్న గోధుమరంగు పొరతో సహా. కొస సూదులు పచ్చగా, మొగ్గ గట్టిగా ఉంటే దిగులు అక్కర్లేదు. నా చెట్టు చాలావరకు అలాగే ఉంది. కానీ ఒక పక్క కింది కొమ్మకి మాత్రం ఆ ఏడాది వచ్చిన సూదులు కూడా మెరుపు తగ్గి వాలిపోయాయి. అది మంచి గుర్తు కాదు.

ఇక లాభం లేదని స్క్రూడ్రైవర్ తీసుకుని రాళ్ళు పెకలించడం మొదలుపెట్టాను. వేరుశనగ పప్పుచెక్కలా పెళ్ళలు పెళ్ళలుగా లేచాయి, జిగురు ఒక్కచోట కూడా సందు వదల్లేదు. కింద ఉన్నది అచ్చమైన జిగట బంకమట్టి, వేలు పెడితే వేలికి అంటుకుని వచ్చింది, మురుగు కంపు కూడా. కుండీ ఎత్తి చూస్తే అడుగున ఉన్న రెండు చిల్లుల్లో ఒకటి పూర్తిగా పూడిపోయి ఉంది, అది సరిగ్గా ఆ నీరసపడ్డ కొమ్మ వైపుదే. అమ్మేవాళ్ళ లెక్క నాకూ అర్థమవుతుంది, కడియం మొక్కలు లారీల్లో ఎక్కడెక్కడి రాష్ట్రాలకో వెళ్తాయి, బంకమట్టి తడి పట్టి ఉంచుతుంది, రాళ్ళు మట్టి ఒలకకుండా ఆపుతాయి. ప్రయాణానికి సరే. దిగాక ఆ రాళ్ళు తీసేయమని ఒక్క ముక్క చెబితే వాళ్ళ సొమ్మేం పోయింది?

అలాగని ఆ వానల్లోనే కుండీ మార్చకూడదు, పైన్ వేళ్ళని శరత్తులో కదిలించడం ప్రమాదం. పూడిన చిల్లు పొడిచి, కుండీ ఒక పక్క కింద ఇటుక ముక్క పెట్టి ఏటవాలుగా ఉంచాను, నీళ్ళు ఒక మూలకి జారి బయటికి పోయేలా. పాడైన గొడుగు ఊచతో మట్టిలో అక్కడక్కడా నిలువుగా కన్నాలు చేసి, జల్లించిన ముతక గోదావరి ఇసుక నింపాను. తడి చూడటానికి కొబ్బరి ఈనె ఒకటి లోతుగా గుచ్చి వదిలేస్తాను, తీసి చూస్తే ఎంతవరకు తడిసిందో ఈనె మీదే తెలుస్తుంది. ఇప్పటికీ ఇదే నా పద్ధతి. ఒక రెమ్మ ఎండిపోయింది గానీ కొమ్మ నిలిచింది.

మాఘంలో, మొగ్గలు సాగకముందు, మట్టి మార్చాను. ఇటుక బట్టీ దగ్గర దొరికే విరిగిన ఇటుకని చిన్న చిన్న ముక్కలు చేసి, రజను జల్లించి పారేసి, సగం ముతక ఇసుక కలిపాను. వేళ్ళ చుట్టూ ఉన్న పాత మట్టిని ఒక పక్కే తీశాను, రెండో పక్క తర్వాతి మాటు. ఆ రెండోసారి విప్పినప్పుడు వేళ్ళ చుట్టూ తెల్లటి నూగు, పుట్టగొడుగుల వాసన. బాబాయి గారు బూజన్నారు, మందు కొట్టమన్నారు. నాకు మాత్రం ఎగిరి గంతేయాలనిపించింది. పైన్ వేళ్ళతో కలిసి బతికే శిలీంధ్రం అది, చెట్టుకి నీళ్ళూ పోషకాలూ అందిస్తుంది, వేళ్ళు బాగున్నాయనడానికి గుర్తు. ఆ మట్టి గుప్పెడు కొత్త మిశ్రమంలో కూడా కలిపాను.

మొదట్లో ఈ చెట్టు వంపు గురించి అందరికీ గొప్పగా చెప్పేవాణ్ణి. వంపు నిజంగానే బాగుంది. కాకపోతే వంచింది మామూలు ఇనుప బైండింగ్ వైరుతో, అది తుప్పు పట్టడమే కాక, శరత్తులో పైన్ కాండం లావెక్కే వేళకి బెరడులోకి దిగబడిపోయింది. విప్పబోతే బెరడు లేస్తుంది, అందుకని ముక్కలు ముక్కలుగా కత్తిరించి తీశాను. మెలి తిరిగిన ఆ గాటు ఇంకా పోలేదు. ఎరువుగా శరత్తులో కాస్త వేపపిండి, వేరుశనగ చెక్క వేస్తాను, చెట్టుకి బాగానే ఉంది, చీమలకీ ఎలకలకీ ఇంకా బాగుంది.

కొనొచ్చా అంటే, నా పరిస్థితి వేరు. ఇంటి దగ్గరే ఉంటాను, డాబా ఉంది, ముసురు పడితే చెట్టుని సన్‌షేడ్ కిందికి మోసుకెళ్ళే ఓపిక ఉంది. మన డెల్టాలో చలికాలం రాత్రి కూడా 10 డిగ్రీల లోపుకి దిగడం అరుదు కాబట్టి ఈ చెట్టు ఎదుగుదల ఆపి సరిగ్గా నిద్రపోదు, సూదులు పొడుగ్గా సాగుతాయి, ఫొటోల్లో కనిపించే పొట్టి సూదుల నిండుదనం నాకు ఇంతవరకు రాలేదు. అయిదేసి సూదుల వైట్ పైన్‌కి మన వేసవి అసలు పడదు, దాని జోలికి వెళ్ళకండి. పైన్ అని చెప్పి సరుగుడు చూపించేవాళ్ళూ ఉన్నారు. సూదిని పట్టి లాగితే కణుపు కణుపుకీ విడిపోయిందంటే అది సరుగుడే, పైన్ సూది అలా విడిపోదు. అయితే ఉద్యోగానికి పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేవాళ్ళు సరుగుడని తెలిసే కొనుక్కున్నా నేను తప్పు పట్టను, అంతర్వేది ఇసుకలో పెరిగే చెట్టు మన ఉక్కకి, మన వానకి ఎప్పుడో అలవాటు పడిపోయింది, ధర కూడా చాలా తక్కువ.