టెయిల్‌స్కేల్: నల్గొండ ఇంటి ఫైబర్‌కూ పొలం కాడి సిమ్ రౌటర్‌కూ మధ్య

నల్గొండలో ఇల్లు, దాంట్లో ఫైబర్ కనెక్షన్, విండోస్ డెస్క్‌టాప్. దేవరకొండ దిక్కు పొలం కాడ రేకుల గది, దాంట్లో 4జీ సిమ్ రౌటర్, పాత ల్యాప్‌టాప్. ఈ రెండూ ఒకే ఇంట్లో ఉన్నట్టు ఫైళ్లు పంచుకోవాలి, ఒకదాని తెర ఇంకోదాంట్లో కనపడాలి. ఈ పనికి టెయిల్‌స్కేల్ (దూరంలోని కంప్యూటర్లను ఇంటర్నెట్ మీద ఒకే సొంత నెట్‌వర్క్‌గా కలిపే సాఫ్ట్‌వేర్) పెట్టి రెండు ఎండాకాలాలు దాటాయి. సాఫ్ట్‌వేర్ పని పది నిమిషాల్లో అయిపోతుంది. తిప్పలంతా రౌటర్‌తో, విండోస్‌తో, కరెంటుతో.

రౌటర్‌లో ఒక పోర్టు తెరిచి బయటి నుంచి లోపలి కంప్యూటర్‌కు దారి ఇచ్చే పద్ధతి ఒకటి ఉంది, పోర్ట్ ఫార్వర్డింగ్ అంటారు. అది ఎందుకు వద్దంటే, చాలా కనెక్షన్లలో పనే చేయదు. రౌటర్ సెట్టింగుల్లో వాన్ ఐపీ (కంపెనీ మీ రౌటర్‌కు ఇచ్చిన అడ్రసు) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైనా, 10తో మొదలైనా మీ కనెక్షన్ సీజీనాట్ వెనక ఉన్నట్టే. అంటే ఒకే పబ్లిక్ అడ్రసును కంపెనీ ఎంతోమందికి కలిపి ఇచ్చింది. మీ రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా బయటి గేటు మీ చేతిలో లేదు. సిమ్ కనెక్షన్లు దాదాపు అన్నీ ఇంతే. టెయిల్‌స్కేల్‌లో రెండు కంప్యూటర్లూ లోపలి నుంచే బయటికి మాట కలుపుతాయి కాబట్టి ఈ గోడ అడ్డం రాదు. లోపల నడిచేది వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతి, ఎన్‌క్రిప్షన్ దానిదే.

రెండు మిషన్లలో ఇన్‌స్టాల్ చేసి, ఒకే గూగుల్ లేదా మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే ఒక్కోదానికి 100తో మొదలయ్యే అడ్రసు వస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోయి, తర్వాత స్లో అని తిట్టుకుంటారు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి టెయిల్‌స్కేల్ పింగ్ కమాండ్‌కు అవతలి మిషన్ పేరు ఇచ్చి చూడండి. మొదటి ఒకటి రెండు లైన్లలో 'వయా డెర్ప్' అని వస్తే దారి మధ్యలోని రిలే సర్వర్ గుండా పోతున్నట్టు. ఆ తర్వాతి లైన్‌లో డెర్ప్ పోయి ఐపీ అడ్రసు, పోర్టు నంబరు కనపడితే నేరుగా కలిసినట్టు. పది పింగులూ డెర్ప్ మీదే ఆగిపోతే అసలు పని ఇంకా మిగిలే ఉంది. రిలే మీద చిన్న ఫైళ్లు, తెర చూడటం నడుస్తాయి. పెళ్లి వీడియో పంపాలంటే మాత్రం తెల్లారుతుంది.

నేరుగా కలవాలంటే మొట్టమొదట చూడాల్సింది ఐపీవీ6, అంటే ప్రతి మిషన్‌కూ సొంత అడ్రసు దొరికే కొత్త అడ్రసుల పద్ధతి. మొబైల్ నెట్‌వర్కులు చాలావరకు ఇస్తున్నాయి. ఫైబర్ రౌటర్లలోనే అది చాలాచోట్ల ఆఫ్‌లో ఉంటుంది. వాన్ పేజీలోనూ లాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) పేజీలోనూ రెండుచోట్లా ఆన్ చేయాలి. ఒక్కచోట చేస్తే రౌటర్‌కు వస్తుంది, కంప్యూటర్‌కు రాదు. రెండు దిక్కులా ఐపీవీ6 ఉంటే నాట్ (ఒకే అడ్రసును పలు మిషన్లకు పంచే పద్ధతి) గొడవే లేదు, రెండు ఫైర్‌వాల్స్ మాత్రమే దాటాలి. అది టెయిల్‌స్కేల్ మామూలుగా దాటేస్తుంది. ఐపీవీ6 దొరకకపోతే టెయిల్‌స్కేల్ నెట్‌చెక్ కమాండ్ కొట్టి, 'మ్యాపింగ్ వేరీస్ బై డెస్ట్ ఐపీ' అన్న లైను చూడండి. ట్రూ అని ఉంటే ఆ దిక్కు నాట్ మొండిది. రెండు దిక్కులా ట్రూ అయితే రిలేతో సర్దుకోవాల్సిందే.

నేరుగా కలిశాక కూడా వేగం తేల్చేది పంపే దిక్కు అప్‌లోడే. 40 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్న ఫైబర్ నుంచి 2 జీబీ ఫైలు దాదాపు ఏడు నిమిషాల్లో పోతుంది. అదే ఫైలు 5 ఎంబీపీఎస్ సిమ్ నుంచి రావాలంటే యాభై నిమిషాలు దాటుతుంది. డౌన్‌లోడ్ 200 ఉందా 300 ఉందా అన్నదానితో ఇక్కడ పని లేదు.

ఇగ విండోస్ సంగతి. పింగ్ పోతుంది, ఫోల్డర్ తెరుచుకోదు అన్న ఫిర్యాదు ఎక్కువగా పాస్‌వర్డ్ దగ్గర తేలుతుంది. రోజూ లాగిన్‌కు కొట్టే పిన్ షేర్డ్ ఫోల్డర్‌కు పనికిరాదు. పాస్‌వర్డ్ లేని షేరింగ్‌ను కొత్త విండోస్ 11 ఒప్పుకోదు. ఫోల్డర్ ఉన్న మిషన్‌లో షేరింగ్ కోసమే వేరే లోకల్ యూజర్‌ను పెట్టి, దానికి పాస్‌వర్డ్ ఇచ్చి, ఫోల్డర్ మీద ఆ యూజర్‌కు హక్కులు ఇవ్వడం తేలిక. ఇంకో చిక్కు: హోమ్ ఎడిషన్‌కు బయటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో రావడం కుదరదు, ప్రో కావాలి. హోమ్ ఉన్నవాళ్లు రస్ట్‌డెస్క్ (దూరం తెర చూపించే ప్రోగ్రాం) వేసి, డైరెక్ట్ ఐపీ యాక్సెస్ ఆన్ చేసి, 100 అడ్రసు కొడితే సరిపోతుంది.

షేర్డ్ ఫోల్డర్‌లో వందల ఫొటోలు ఉంటే తెరవగానే విండోస్ థంబ్‌నెయిల్స్ కోసం అన్నింటినీ లాగడం మొదలుపెడుతుంది. రోజుకు 2 జీబీ ఇచ్చే సిమ్ ప్యాక్ మధ్యాహ్నానికే ఖాళీ. ఫొటోలకు సింక్‌థింగ్ (రెండు మిషన్ల ఫోల్డర్లను ఒకేలా ఉంచే ప్రోగ్రాం) పెట్టి, సిమ్ దిక్కు వేగానికి హద్దు పెట్టడం మేలు. లెక్కల సాఫ్ట్‌వేర్ డేటాను ఇట్లా దూరం ఫోల్డర్ నుంచి నేరుగా తెరవొద్దు. రాసే మధ్యలో లింకు తెగితే డేటా చెడే ప్రమాదం ఉంది. అవతలి మిషన్ తెర తీసుకుని అక్కడే పని చేయాలి.

కరెంటు పోయి వచ్చాక ఏమవుతుందో చూసుకోకుండా పొలం కాడ మిషన్ వదిలిపెట్టొద్దు. డెస్క్‌టాప్ అయితే బయోస్‌లో కరెంటు తిరిగి రాగానే ఆన్ అయ్యే సెట్టింగ్ ఉంటుంది, అది పెట్టాలి. కానీ విండోస్ లేచి లాగిన్ తెర మీద నిలబడిపోతే టెయిల్‌స్కేల్ కలవదు. దాని ప్రిఫరెన్సెస్‌లో 'రన్ అనటెండెడ్' టిక్ చేస్తే లాగిన్ కాకముందే కలుస్తుంది. స్లీప్ 'నెవర్', ల్యాప్‌టాప్ మూత మూస్తే 'డూ నథింగ్'. వేక్ ఆన్ లాన్‌ను (నిద్రపోయిన మిషన్‌ను నెట్‌వర్క్ నుంచి లేపే పద్ధతి) నమ్ముకోవద్దు, ఆ ప్యాకెట్ టెయిల్‌స్కేల్ గుండా పోదు. కావాలంటే అదే రౌటర్‌కు ఎప్పుడూ ఆన్‌లో ఉండే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ తగిలించి, దాంట్లోంచి లేపాలి.

అన్నీ సరిగ్గా నడుస్తూ ఆరు నెలలకు ఒకనాడు హఠాత్తుగా ఆగిపోతే, అది ఆ మిషన్ లాగిన్ కీ గడువు తీరడం. మామూలుగా 180 రోజులు. అడ్మిన్ పేజీలో ఆ మిషన్ పక్కన 'డిసేబుల్ కీ ఎక్స్‌పైరీ' కొట్టేయండి, మొదటి రోజే. లేకపోతే తిరిగి లాగిన్ కావడానికి పొలం దాకా పోవాలి.

రెండు కనెక్షన్లూ ఒకే డాబాలో, కింద ఒకటి పైన ఒకటి ఉంటే ఇదంతా అక్కర్లేదు. రెండు కంప్యూటర్ల లాన్ పోర్టులకు ఒక క్యాట్ 6 వైరు నేరుగా వేసి, ఒకదానికి 10.10.10.1, ఇంకోదానికి 10.10.10.2, మాస్క్ 255.255.255.0 ఇవ్వండి. గేట్‌వే గడి ఖాళీగా వదలాలి. అది నింపితే ఇంటర్నెట్ కూడా ఈ వైరు దిక్కే వెతుక్కుంటుంది. నెట్ ఎవరి వైఫై నుంచి వాళ్లకు వస్తుంది, ఫైళ్లు గిగాబిట్ వేగంతో పోతాయి. రెండు రౌటర్ల లాన్ పోర్టులను మాత్రం కలపొద్దు, రెండూ 192.168.1.1 అయితే రెండిళ్ల నెట్టూ కొట్టుకుంటుంది. వైరును పైపులో వేయండి, కోతులు వదలవు. వీధి దాటి ఇంకో ఇంటికి పోవాలంటే రాగి వైరు వద్దు, పిడుగుల కాలంలో రెండు మిషన్లూ పోతాయి. మీడియా కన్వర్టర్లతో (రాగి వైరును ఫైబర్‌కు కలిపే పెట్టెలు) ఫైబర్ లాగించండి.

రేకుల కింద పెట్టిన సిమ్ రౌటర్ మే నెల మధ్యాహ్నాల్లో వేడికి హ్యాంగ్ అవుతుంది, సిగ్నల్ ఫుల్ చూపిస్తూనే నెట్ ఆగిపోతుంది. కిటికీ పక్కన నీడలో, రేకుకు మూడు నాలుగు అడుగుల కింద గోడకు కొట్టి, రోజూ తెల్లవారుజామున రీబూట్ అయ్యేలా షెడ్యూల్ పెడితే ఆ తలనొప్పి చాలా తగ్గింది.