పొట్టి పంపు తుపాకీ: క్యాష్ వ్యానుకు సరే, గేటుకు?

క్యాష్ వ్యాను దిగేటప్పుడు పొడుగు జంటగొట్టాల తుపాకీ తలుపుకు తగులుతుంది. 12 బోర్ (గొట్టం లావు కొలత) పొట్టి పంపు తుపాకీకి, అంటే ముందుపిడిని లాగి తోస్తే తూటా మారేదానికి, ఆ బాధ లేదు. మెచ్చుకోవలసింది అంతవరకే. బరువు తగ్గినకొద్దీ అదే తూటాకు భుజం మీద దెబ్బ పెరుగుతుంది. మంటా, చప్పుడూ ఎక్కువే. గేటు దగ్గర నిలబడే గార్డుకైతే పొడుగుదే మేలు.

తడబాటంతా పంపు దగ్గరే. ముందుపిడిని చివరిదాకా వెనక్కి లాగాలి, చివరిదాకా ముందుకు తొయ్యాలి. కంగారులో సగంలో ఆపితే ఖాళీ తూటా బయటపడదు, లేదా కొత్తది గదిలోకి (గొట్టం మొదట్లో తూటా కూర్చునే చోటు) ఎక్కదు. తప్పు తుపాకీది కాదు, చేతిది. ఇంకొకటి: 70 మి.మీ. గదిలో 76 మి.మీ. తూటా పెట్టకూడదు. పట్టినట్టే ఉంటుంది గానీ, పేలినప్పుడు తూటా ముందుకొన మడత విప్పుకునే చోటులేక ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది.

కృష్ణపట్నం, కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి తుప్పే అసలు శత్రువు. తూటాలు తీసి, గదినీ తూటాల గొట్టాన్నీ కంటితో, వేలితో చూసుకున్నాకే వారానికోసారి నూనెగుడ్డ ఆడించాలి. గదిలో నూనె మిగలనివ్వొద్దు. ఎన్నికలప్పుడు స్టేషనులో జమచేసి తెచ్చుకుంటే, తూటాలు లేవని చూసుకుని, మొదట తుపాకీ గొట్టం లోపల చూడండి.