బూబరా, రోజెన్‌జ్వైగా? మనసు నిలవని రోజున ఎవరు ఆదుకుంటారు

ఆధునిక యూదు తాత్వికుల్లో మార్టిన్ బూబర్‌ని ముందు చదవాలా, ఫ్రాంజ్ రోజెన్‌జ్వైగ్‌ని ముందు చదవాలా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. నేను మాత్రం ఒక్కటే చూస్తాను: దేవుడి మీద మనసు నిలవని రోజున వీళ్లలో ఎవరు మనల్ని ఏం చెయ్యమంటారు?

బూబర్ చెప్పే తీరు ఎవరికైనా నచ్చుతుంది. దేవుడంటే మనం పలకరించాల్సిన ‘నువ్వు’, అంతేగానీ పక్కన పెట్టుకుని చర్చించుకునే వస్తువు కాదని 1923లో వచ్చిన ‘నేను–నువ్వు’లో అంటాడు. విశ్వాసమంటే ఫలానాది నిజమని ఒప్పుకోవడం కాదు, ఒకరి మీద భరోసా పెట్టుకోవడం. ఇది ఆయనకు ఊరికే తట్టలేదు. 1914లో ఒకరోజు పొద్దుటంతా ఏదో భక్తి పారవశ్యంలో గడిపాక ఓ కుర్రాడు కలవడానికి వచ్చాడు. బూబర్ మర్యాదగానే మాట్లాడాడు, అడిగినవాటికి జవాబులూ చెప్పాడు, అడగకుండా దాచుకున్నదాన్ని మాత్రం పసిగట్టలేకపోయాడు. కొన్నాళ్లకు ఆ కుర్రాడు చనిపోయాడనీ, ఆరోజు వచ్చింది కబుర్లకు కాదనీ తెలిసింది. ఎదుటి మనిషి దగ్గర మనసు పెట్టలేనివాడికి ఆ పారవశ్యం ఎందుకు అని అప్పటినుంచీ దాన్ని వదిలేశాడు.

బాగుంది. కానీ అలాంటి కలయిక రమ్మంటే రాదు కదా! రానన్నాళ్లూ ఏం చెయ్యాలి? తోరా (యూదుల ధర్మగ్రంథం) నియమాలు పాటించమందామంటే, దేవుడు పలికిన మాట చట్టంగా మారడాన్నే బూబర్ ఒప్పుకోడు.

సరిగ్గా ఇక్కడే రోజెన్‌జ్వైగ్ ఆయనతో పేచీ పెట్టుకున్నాడు (స్నేహం చెడలేదు, 1925 నుంచి హీబ్రూ బైబిల్‌ని ఇద్దరూ కలిసి జర్మన్‌లోకి అనువదించారు). 1913లో క్రైస్తవంలోకి వెళ్లబోయి ఆగిపోయిన మనిషి ఈయన. నియమాలన్నీ ఒక్కసారి నెత్తినెత్తుకోనక్కర్లేదు, ఈరోజు నీకు చేతనైంది చెయ్యి, చేస్తూ ఉంటే చట్టంలా కనబడింది నీకే చెప్పిన ఆజ్ఞలా వినబడుతుంది అంటాడు. పొద్దుటి ప్రార్థనలో చేతికీ నుదుటికీ కట్టుకునే తోలు పెట్టెలు, తెఫిలిన్, మీరు కట్టుకుంటారా అని అడిగితే ‘ఇంకా లేదు’ అన్నాడని చెబుతారు. లేదు అనలేదు చూడండి! నా ఓటు ఆ ‘ఇంకా’కే. 1922లో ఒళ్లు చచ్చుబడే జబ్బు మొదలై, మాట కూడా పోయి, భార్య సాయంతో ఒక్కో అక్షరమే చూపించి టైపు చేయించుకుంటూ 1929లో పోయేదాకా పని చేసినవాడు చెప్పాడు కాబట్టి నాకది ఇంకా గట్టిగా తగులుతుంది.

ఇజ్రాయెల్ తాత్వికుడు యెషయాహు లీబోవిట్జ్ దీనికి అవతలి కొస. నియమం పాటించడమే విశ్వాసం, నీకేమనిపిస్తోందన్నది అనవసరం అంటాడు. ఎంత నిక్కచ్చో, అంత పొడి. అమెరికాలోని యూదు తాత్వికుడు ఏబ్రహాం హెషెల్ కావాలంటే, 1965లో నల్లవాళ్ల ఓటు హక్కు కోసం సెల్మాలో మార్టిన్ లూథర్ కింగ్‌తో నడిచి, నా కాళ్లు ప్రార్థించాయన్నాడే, ఆయన్ని హాయిగా చదువుకోవచ్చు. అక్కడివాడే అయిన మరో తాత్వికుడు మొర్దెకై కప్లాన్‌కి యూదు మతం ఒక నాగరికత, కాబట్టి మన ప్రశ్న ఆయన దగ్గర పెద్దగా లేవదు.

రోజెన్‌జ్వైగ్‌ని ఆయన పెద్ద పుస్తకం ‘విమోచన నక్షత్రం’తో మాత్రం మొదలుపెట్టకండి, నేను రెండుసార్లు మధ్యలో వదిలేశాను. బూబర్‌కి జవాబుగా రాసిన ‘నిర్మాతలు’ అనే వ్యాసం చిన్నదే, ముందు అది చదవండి.