హన్మకొండలో ఓ ప్రైవేట్ హాస్పిటల్: డాక్టర్ మంచిగ చూస్తడు, వెయిటింగ్ హాల్‌తోనే భయం

అమ్మకు దమ్ము రోగం ఉంది, చలికాలమొస్తే ఎక్కువైతది, అందుకే తీస్కపోయినం. పేరు రాస్తలేను. డాక్టర్ తొందరపడకుండ చూసిండు, ఇన్‌హేలర్ ఎట్ల పీల్చాల్నో చేసి చూపించిండు, మందులు గూడ తక్కువనే రాసిండు.

కానీ ఆ వెయిటింగ్ హాల్! కిటికీలకు అద్దాలు పెట్టి స్క్రూలు బిగించిన్రు, పైన స్ప్లిట్ ఏసీలు, దగ్గేటోళ్లు, జ్వరమొచ్చిన పిల్లలు, బాలింతలు అందరు ఒక్కకాడనే. స్ప్లిట్ ఏసీ బయటి గాలి తేదు కదా, లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లగ చేస్తది, ఒకరు దగ్గితే ఆ సన్న తుంపర్లు అగర్‌బత్తి పొగ లెక్క హాలంత తేలుతయి. తట్టు వైరస్ అయితే ఆ మనిషి పోయినంక గూడ 2 గంటల దాక గాలిలో ఉండొచ్చు. నర్సమ్మలకు సర్జికల్ మాస్కులే, చెంపల పక్కన వదులు వదులు. రోజంత ఆ గాలి పీల్చేది వాళ్లే, పాపం.

కౌంటర్‌ల అడిగితే రోజు ఫినాయిల్‌తోని తుడుస్తం మేడమ్ అన్నడు. నేల సరే, గాలి సంగతేంది? వార్డులల్ల, ఓపీలల్ల ఒక్కో పేషెంట్‌కి సెకనుకు 60 లీటర్ల గాలి ఆడాలని డబ్ల్యూహెచ్‌ఓ 2009లనే చెప్పింది. కిటికీలు తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి, దగ్గు ఉన్నోళ్లకు వరండాల బెంచీలేస్తే ఎంత ఖర్చయితది?

డాక్టర్‌కి 5 స్టార్లు, హాల్‌కి 1. పోయేటోళ్లు ఎన్95 టైట్‌గ పెట్టుకోండ్రి, టోకెన్ తీస్కొని నంబర్ వచ్చేదాక బయటనే కూసోండ్రి, ముసలోళ్లుంటే పొద్దున మొదటి టోకెన్ అడగండ్రి.