కన్నీటి చుక్కలా, సైక్లోస్పోరినా?

గుంటూరులో కళ్లు మండితే ముందు మిర్చి యార్డు ఘాటునే తిట్టుకుంటాం. మా పిన్నీ అలాగే రెండేళ్లు లాగింది. చివరికి కింది రెప్పలో కాగితం పట్టీ పెట్టి చూస్తే, అయిదు నిమిషాలకు తడిసింది 3 మిల్లీమీటర్లే. 5 కూడా దాటకపోతే కన్నీరు బాగా తక్కువని అర్థం. నోరూ ఎండుతోందనేసరికి రక్తపరీక్షలు రాశారు. షోగ్రెన్ అని తేలింది. ఒంటి రక్షణ వ్యవస్థే కన్నీటి, లాలాజల గ్రంథుల మీద పడే జబ్బు ఇది. పొడిబారిన కళ్లకు వేసే చుక్కల్లో రెండు రకాలను పోల్చి చూద్దాం.

పని: కన్నీటి చుక్కలు, అంటే కన్నీటికి బదులు వేసే కృత్రిమ చుక్కలు, తడినిస్తాయి, అంతే. సైక్లోస్పోరిన్ అనే మందు చుక్కలు లోపలి వాపును అణుస్తాయి.

సమయం: కన్నీటి చుక్కలు వేసిన నిమిషంలోనే హాయి. సైక్లోస్పోరిన్‌కు మూడు నెలలైనా ఓపిక పట్టాలి. పైగా వేసినప్పుడల్లా మంట! చాలామంది ఇక్కడే మానేస్తారు. పిన్ని సీసాను ఫ్రిజ్‌లో పెట్టి, డాక్టరు ఇచ్చిన తేలికపాటి స్టెరాయిడ్ చుక్కలతో మొదటి వారాలు గట్టెక్కింది. ఆ స్టెరాయిడ్‌ను మాత్రం సొంతంగా కొని వాడొద్దు, కంటి ప్రెషర్ పెరగొచ్చు.

ఖర్చు: సైక్లోస్పోరిన్‌దే ఎక్కువ.

ఫోన్ చూసో, ఏసీ వల్లో కళ్లు పొడిబారితే కన్నీటి చుక్కలు చాలు. రోజుకు నాలుగుసార్లు మించితే ప్రిజర్వేటివ్ (పాడవకుండా కలిపే రసాయనం) లేనివి తీసుకోండి. కీళ్లనొప్పులు, నోరెండడం తోడైతే సైక్లోస్పోరిన్ గురించి డాక్టరును అడగండి. అప్పుడూ కన్నీటి చుక్కలు మానక్కర్లేదు.