ఐదేళ్ల తర్వాత మా 206: నేనూ మా పాపా బాగుచేసుకున్న పికప్ ఎలా నడుస్తోంది

పోయిన నెల మా టాటామొబైల్ 206కి ఈ ఏటి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ వచ్చింది. బాగుచేసి రోడ్డెక్కించి ఐదేళ్లు, మీటరు లెక్కన 43 వేల కిలోమీటర్లు. పాత బండి కొని ఇంటి దగ్గరే బాగుచేసుకుందామనుకుంటున్నాం, ఎలా ఉంటుందని అడిగేవాళ్లకు ఇన్నాళ్లూ గట్టిగా ఏమీ చెప్పలేదు. కొత్త రంగు మీద ఏ బండైనా బాగానే కనిపిస్తుంది. మా నెల్లూరు వైపు కార్తీకం వానలు నాలుగైదు సార్లు దాని మీద పడితేగానీ ఏ పని నిలిచిందో, ఏది నిలవలేదో తెలియదు. ఇప్పుడు తెలిసింది కాబట్టి రాస్తున్నాను.

బండి సంగతి ముందు. 1988లో టెల్కో, అంటే ఇప్పటి టాటా మోటార్స్, తెచ్చిన పికప్ ఇది. 1948 సీసీ డీజిల్ ఇంజను. తర్వాత టాటా సియర్రా, ఎస్టేట్ కార్లకు పెట్టింది కూడా ఈ ఇంజనే. మాది 1996 మోడలు. 2018లో ఇందుకూరుపేట దగ్గర ఒక రొయ్యల గుంట గట్టు మీద, చక్రాలు సగం మట్టిలో దిగిపోయి కనిపించింది. మైపాడు వైపు గుంటల నుంచి ఏళ్ల తరబడి ఐసులో రొయ్యలు మోసిన బండి. కరిగిన ఐసు నీళ్లు, గుంటల ఉప్పునీళ్లు కలిసి తొట్టి అడుగు నుంచి చాసిస్ మీదికి కారీ కారీ ఇనుమును పొరలు పొరలుగా లేపేశాయి. నాతో వచ్చిన మెకానిక్ డిప్‌స్టిక్ తీసి చూసి, సెల్ఫ్ కొట్టి విని, "ఇంజను పర్లేదన్నా, ఒళ్లే ఉప్పు తినేసింది" అన్నాడు. 42 వేలకు తీసుకున్నాను. పొదలకూరు మార్కెట్టుకు నిమ్మకాయల బస్తాలు తోలుకోవడానికి ఒక బండి కావాలన్నది నా అవసరం. పాప అప్పుడు తొమ్మిదో తరగతి. ట్రాక్టరు మీద బండిని ఇంటికి లాక్కొచ్చిన రోజే స్కూలు డ్రెస్సు మార్చకుండా స్క్రూడ్రైవరుతో డాష్‌బోర్డు విప్పడం మొదలుపెట్టింది.

రోడ్డెక్కడానికి రెండేళ్లు పైగా పట్టింది. అందులో పది నెలలు తుప్పుతోనే సరిపోయింది. నేను ఎమ్రీ పేపరుతో రుద్దుతుంటే తలుపు బందులూ, తొట్టి కొక్కేలూ లాంటి మూలలున్న సామాన్లలో చెయ్యి దూరేది కాదు. పాప కెమిస్ట్రీ పుస్తకంలో విద్యుద్విశ్లేషణ చదివి, "కరెంటుతో వదిలిద్దాం నాన్నా" అంది. గుంటల దగ్గర దొరికే నీలం డ్రమ్ము ఒకటి తెచ్చి, నీళ్లు నింపి, 20 లీటర్లకు గుప్పెడు చొప్పున బట్టల సోడా కలిపాం. తుప్పు సామానును ఒక తీగతో ఆ నీళ్లలోకి వేలాడదీసి బ్యాటరీ చార్జరు నెగటివ్ దానికి, పాజిటివ్ ఒక పనికిరాని ఇనప రేకుకు. చార్జరు వేసిన నిమిషానికే సామాను చుట్టూ సన్నని బుడగలు, సోడా కొట్టినట్టు సుయ్యిమనే చప్పుడు. తెల్లారి తీసి చూస్తే ఎర్రటి తుప్పంతా నల్లటి మెత్తని మడ్డిగా మారింది. గిన్నెలు తోమే పీచుతో రుద్దితే పోయి, కింద బూడిదరంగు ఇనుము బయటపడింది. పాప దాన్ని ఎండలో తిప్పి తిప్పి చూసింది. అచ్చుపోసినప్పటి అంకెలు కూడా చదవగలిగాం.

ఇది చెయ్యాలనుకునేవాళ్లు మూడు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. ఆ బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది, కాబట్టి ఆరుబయటే చెయ్యాలి, దగ్గరలో బీడీ కూడా వెలిగించకూడదు. పాజిటివ్ వైపు స్టీలు గరిటెలూ పళ్లేలూ పెట్టకూడదు, అందులోని క్రోమియం విషంగా మారి నీళ్లలో కలుస్తుంది. తీసిన సామాను ఆరబెట్టి ఆ రోజే ప్రైమర్ కొట్టాలి, లేకపోతే మర్నాటికి మళ్లీ ఎర్రబడుతుంది. అలా చేసిన బందులూ కొక్కేలూ ఐదేళ్లకు ఈ రోజుకీ చుక్క తుప్పు పట్టలేదు. ఈ బండి మొత్తంలో నేను నూటికి నూరు మార్కులేసే పని అదే.

తొట్టి అడుగు మొత్తం కోసేసి కొత్త రేకు వేయించాం. వెల్డింగు మాత్రం నెల్లూరు ఆటోనగర్‌లో చేయించాను, ఆ పని మాకు రాదు. అదీ గట్టిగానే ఉంది. నిలవనిది ఎడమ తలుపు. 2020 చివర్లో నిమ్మ సీజనుకు బండి కావాలని నేనే తొందరపడ్డాను. తలుపు కింది అంచున రెండు వేళ్ల వెడల్పున రేకు పుచ్చి ఉంది. రంగు వేసే షెడ్డులో కోయకుండా పైన లప్పం పట్టించి నున్నగా చేసి ఇచ్చారు. పాప ఆ రోజే వేలితో తట్టి, "చప్పుడు వేరేగా ఉంది నాన్నా, లోపల ఏం లేదు" అంది. పర్వాలేదులే తల్లీ అన్నాను. రెండో వానాకాలానికి అక్కడ రంగు కింద నీటిబొబ్బల్లా లేచింది. తప్పు షెడ్డువాళ్లది కొంత, ఒప్పుకున్న నాది ఎక్కువ.

బ్రేకులు ఇద్దరం కలిసి చేసిన పని. వీల్ సిలిండర్లు, రబ్బర్లు, పైపులు అన్నీ కొత్తవే. పాతవాటిని కడిగి వాడమని చాలామంది చెప్పారు, నేను వినలేదు. లోడు బండికి బ్రేకు దగ్గర లెక్కలు చూసుకోకూడదు. ఆయిలు పోశాక పైపుల్లో గాలి తీయాలి, దానికి ఇద్దరు మనుషులు కావాలి. పెడలు తొక్కితే ఆయిలును తోసే మాస్టర్ సిలిండరుకు అన్నిటికన్నా దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రం దగ్గర పాప పడుకుంది, గాలి తీసే నిపిల్‌కు తెల్ల ట్యూబు తొడిగి కొసను ఆయిలు సీసాలో ముంచింది. నేను పెడలు మీద. "తొక్కు" అంటే తొక్కాలి, "పట్టుకో" అంటే అదిమి ఉంచాలి. అప్పుడు తను నిపిల్ పావు చుట్టు వదులు చేస్తే పెడలు కాలికింద మెల్లగా దిగిపోతుంది, ట్యూబులో గాలి బుడగలు పోతాయి. మళ్లీ బిగించి "వదులు" అన్నాకే కాలు తీయాలి. మూడోసారి నేను ముందే తీశాను. సీసాలోకి పోవాల్సిన గాలి వెనక్కి పీల్చుకుంది.

"నేను చెప్పకముందే ఎందుకు తీశావు నాన్నా? మళ్లీ మొదటినుంచి చెయ్యాలి."

బండి కిందనుంచి వచ్చిన ఆ గొంతులో కోపం లేదు, పని తెలిసినవాళ్ల విసుగు ఉంది. పదిహేనేళ్ల పిల్ల నాకు పని చెప్పడం అదే మొదలు. ఆ తర్వాత నాలుగు చక్రాలూ తను చెప్పినట్టే చేశాను. పెడలు రాయిలా గట్టిపడినప్పుడు బయటికి దొర్లి వచ్చి, బ్రేకాయిల్ చేత్తో బానెట్టు పట్టుకోబోయింది. "ముట్టుకోకు తల్లీ, రంగు లేచిపోద్ది" అని అరిచాను. రంగు లేపే గుణం ఆ ఆయిలుకు ఉంది. గాల్లోని తేమను పీల్చే గుణం కూడా ఉంది, అందుకే రెండేళ్లకోసారి మొత్తం మారుస్తున్నాం. ఇప్పటివరకు బ్రేకు ఒక్కసారి కూడా మోసం చెయ్యలేదు.

2021 నవంబరులో పెన్నకు వరదొచ్చి, పడుగుపాడు దగ్గర రైలుకట్ట కోసుకుపోయినప్పుడు, కోవూరు వైపు మా చుట్టాల వడ్ల బస్తాలూ గొడ్ల మేతా ఈ బండిలోనే మెరకకు చేర్చాం. నీళ్లు చక్రం మధ్య దాకా వచ్చాయి. ఇంజను ఆగలేదు. వారం తర్వాత పాలిటెక్నిక్ నుంచి వచ్చిన పాప చక్రాల మధ్య బేరింగులుండే హబ్బులు విప్పి చూస్తే గ్రీజు మజ్జిగలా తెల్లగా ఉంది, అంటే నీళ్లు కలిసినట్టు. బేరింగులు డీజిల్‌లో కడిగి కొత్త గ్రీజు పట్టించింది. వరదలో తిరిగిన ఏ బండికైనా ఈ పని చేయించుకోండి. చప్పుడు వచ్చేదాకా ఆగితే బేరింగు పోయినట్టే.

మిగతావి పొట్టిగా. లోడుతో లీటరుకు 11, ఖాళీగా 13 ఇస్తోంది. ఏసీ లేదు, పవర్ స్టీరింగు లేదు, ఏడెనిమిది వందల కిలోల లోడుతో మార్కెట్టు దగ్గర సందుల్లో తిప్పాలంటే భుజాలు నొప్పెడతాయి. చలికాలం పొద్దున్నే హీటర్ ప్లగ్గులు కాస్త వేడెక్కనివ్వాలి, ఓపిక పట్టకుండా సెల్ఫ్ కొడితే బ్యాటరీ పోతుంది. విడిభాగాల్లో వాటర్ పంపు సీలు ఒకసారి నకిలీది తగిలి, మిట్టమధ్యాహ్నం నడిరోడ్డు మీద నిలబడాల్సి వచ్చింది. అప్పట్నుంచి పాత సామాను చేతికిచ్చి, పక్కన పెట్టి పోల్చుకున్నాకే డబ్బులిస్తున్నాను. గూడ్సు బండి ఎనిమిదేళ్లు దాటితే ఫిట్‌నెస్ ప్రతి ఏడాదీ చేయించాలి, ఆ ఖర్చూ తిరుగుడూ ముందే లెక్కలో వేసుకోండి. ఆర్‌సీలో రంగు మార్పించే పని పెట్టుకోకుండా పాత తెలుపే వేశాం.

మొత్తం ఖర్చు, కొన్న ధరతో కలిపి, లక్షా 90 వేలు. ఆ డబ్బుకు నడుస్తున్న సెకండ్‌హ్యాండ్ బండి ఒకటి వచ్చేదే. డబ్బు కలిసొస్తుందని మాత్రం ఎవరూ దీనికి దిగొద్దు. నాకు మాత్రం దిగినందుకు ఒక్క రోజు కూడా చింత లేదు. సాయంత్రం స్కూలు నుంచి వచ్చి, అన్నం తిని, టార్చిలైటు పట్టుకుని నా పక్కన కూర్చున్న ఆ రెండేళ్లు మరో దారిలో నాకు దొరికేవి కావు.

సంక్రాంతికి హాస్టల్ నుంచి వచ్చింది. బ్యాగు కింద పెట్టకుండానే ఎడమ తలుపు దగ్గరికి పోయి, బొటనవేలితో కింది అంచు నొక్కింది. వేలు లోపలికి దిగింది.

"ఈసారి కోసేద్దాం నాన్నా. లప్పం వద్దు."

18 గేజీ రేకు తెచ్చి పెట్టాను. వేసవి సెలవులకు వస్తుంది.