సిపార్ట్ పీఎస్2 పొజిషనర్: సెట్‌పాయింట్ సెట్టింగులపై దీర్ఘకాలపు వాడకం తర్వాత సమీక్ష

సీమెన్స్ సిపార్ట్ పీఎస్2 పొజిషనర్లను (వచ్చే సిగ్నల్‌కు తగ్గ స్థానంలో వాల్వును నిలిపే పరికరాలను) కొన్నేళ్లుగా ఆవిరి, నీటి లైన్ల మీది కంట్రోల్ వాల్వులకు వాడుతున్నాను. ఇనిషియలైజేషన్ (పరికరం వాల్వుకు తగ్గట్టు తనను సర్దుకునే తొలి ప్రక్రియ) గురించి చెప్పవలసింది పెద్దగా లేదు. స్ట్రోకును (వాల్వ్ కదిలే దూరాన్ని), దాని రెండు చివరి హద్దులను పరికరం తనంతట తానే కొలుచుకుంటుంది. అసలు ఆలోచన అవసరమయ్యేది సెట్‌పాయింట్ (వాల్వ్ చేరాల్సిన స్థానం) సెట్టింగుల దగ్గరే. 4–20 మిల్లీయాంపియర్ల సిగ్నల్‌ను వాల్వ్ స్థానంగా ఎలా మార్చాలో చెప్పే ఈ సెట్టింగుల్లో చాలావరకు డీసీఎస్‌లోనూ (ప్లాంటు మొత్తాన్ని నడిపే కంప్యూటర్ నియంత్రణ వ్యవస్థలోనూ) చేసుకోగలిగినవే కాబట్టి, ఏ పని ఎక్కడ జరగాలో ముందే తేల్చుకోకపోతే ఒకే మార్పు రెండు చోట్లా జరిగిపోతుంది.

దిశనే తీసుకుందాం. సెట్‌పాయింట్ దిశను నిర్ణయించే ఎస్‌డిఐఆర్ సెట్టింగ్‌ను 'ఫాల్'కు మారిస్తే 4 మిల్లీయాంపియర్ల వద్ద వాల్వ్ పూర్తిగా తెరుచుకుని, 20 వద్ద మూసుకుంటుంది. డీసీఎస్‌లో కూడా అవుట్‌పుట్‌ను తిరగేసి ఉంటే రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పైగా ఈ సెట్టింగ్ ఫెయిల్ పొజిషన్‌ను (సిగ్నల్ లేదా గాలి పోయినప్పుడు వాల్వ్ చేరే స్థానాన్ని) మార్చదు, దాన్ని నిర్ణయించేది వాల్వును కదిలించే యాక్చుయేటర్‌లోని స్ప్రింగే. స్ప్రింగ్ తెరిచే రకం వాల్వుకు 'ఫాల్' చక్కగా సరిపోతుంది. స్ప్రింగ్ మూసే రకానికి పెడితే మాత్రం, కనీస సిగ్నల్ వద్ద బార్లా తెరిచి ఉన్న వాల్వ్ సిగ్నల్ తెగిపోగానే మూసుకుపోతుంది.

స్ప్లిట్ రేంజ్ (ఒకే సిగ్నల్‌ను రెండు వాల్వులకు పంచడం) సులువు: మొదటి వాల్వుకు 0 నుంచి 50 శాతం, రెండోదానికి 50 నుంచి 100 శాతం ఇస్తే, అవి వరుసగా 4–12, 12–20 మిల్లీయాంపియర్ల మధ్య పనిచేస్తాయి.

సిగ్నల్‌కు, వాల్వ్ తెరుపుకు మధ్య సంబంధాన్ని నిర్ణయించే క్యారెక్టరిస్టిక్ ఎంపికను నేను దాదాపు ఎప్పుడూ లీనియర్‌లోనే (సరళరేఖలోనే) ఉంచుతాను. వాల్వ్ ట్రిమ్ (లోపలి సీటు, ప్లగ్ భాగాలు) అప్పటికే ఈక్వల్ పర్సెంటేజ్ రకమైతే, అంటే మొదట్లో మెల్లగా, చివర్లో వేగంగా ప్రవాహాన్ని పెంచేదైతే, పొజిషనర్‌లో మళ్లీ అలాంటి 1:50 వక్రరేఖను ఎంచుకోవడం వల్ల వంపు మీద వంపు చేరుతుంది. 1:50 వక్రరేఖ ప్రకారం 50 శాతం సిగ్నల్‌కు వాల్వ్ తెరుచుకునేది సుమారు 14 శాతమే. దాని మీద ట్రిమ్ వంపు కూడా తోడైతే సగం సిగ్నల్ వచ్చినా ప్రవాహం నామమాత్రంగానే ఉంటుంది. మరో చిక్కు ఏమిటంటే, అదే సూత్రంలో సిగ్నల్ సున్నా అయినప్పుడు కూడా 2 శాతం తెరుపు మిగులుతుంది. కాబట్టి ఈ వక్రరేఖను ఎంచుకున్నవారు టైట్ క్లోజింగ్‌ను (వాల్వును గట్టిగా మూసే సెట్టింగ్‌ను) కూడా ఆన్ చేయాలి.

ఈ సెట్‌పాయింట్ సెట్టింగులన్నిటిలో నాకు ఎక్కువ మేలు చేసింది ఆ టైట్ క్లోజింగే అని చెప్పగలను. సెట్‌పాయింట్ నిర్ణీత విలువకు, అంటే ఫ్యాక్టరీ సెట్టింగ్ ప్రకారం 0.5 శాతానికి, దిగువకు రాగానే పొజిషనర్ నియంత్రణ మానేసి వాల్వును పూర్తి బలంతో సీటుకు అదిమిపెడుతుంది. అలా అదమనప్పుడు సన్నని సందులోంచి దూసుకుపోయే ఆవిరి సీటును, ప్లగ్‌ను కోసేస్తుంది. ఇది మొదట ఆఫ్‌లో ఉంటుంది, కోరి ఆన్ చేసుకోవాలి. ఆన్ చేసినా డీసీఎస్‌లో అవుట్‌పుట్ కనీస పరిమితి 2 శాతంగా ఉంటే సెట్‌పాయింట్ ఎన్నడూ ఆ విలువకు చేరదు. లీకేజీ ఫిర్యాదు రాగానే ట్రిమ్ మార్చడానికి సిద్ధపడేవారు ముందు ఈ పరిమితిని చూడాలని నా సలహా.

సెట్‌పాయింట్ ర్యాంప్ (సెట్‌పాయింట్‌ను ఒక్కసారిగా కాక క్రమంగా మార్చే సెట్టింగ్) ఆవిరి లైనును మెల్లగా వేడి చేయడానికి, నీటి లైనులో వాటర్ హ్యామర్‌ను (ప్రవాహం హఠాత్తుగా ఆగితే తగిలే పీడన దెబ్బను) తగ్గించడానికి బాగుంటుంది. వేగంగా స్పందించాల్సిన ఫ్లో లూపులో పెడితే అది అదనపు ఆలస్యమై హంటింగ్‌కు (వాల్వ్ కుదురుకోకుండా అటూ ఇటూ ఊగడానికి) దారితీస్తుంది. యాక్చుయేటర్ గాలిని నేరుగా వదిలే సొలినాయిడ్ (విద్యుత్తుతో పనిచేసే చిన్న వాల్వ్) ఉన్నచోట ట్రిప్ (అత్యవసరంగా ఆపివేసే) సమయంలో ఈ ర్యాంప్ అడ్డురాదు.

సెట్టింగుల పేర్లన్నీ సంక్షిప్తాలే కాబట్టి మాన్యువల్ చేతిలో ఉంచుకోవడం మంచిది. ఈ మార్పులన్నీ మూడు బటన్లతోనే చేయవచ్చు, వీటికి మళ్లీ ఇనిషియలైజేషన్ అక్కరలేదు. అయితే కాన్ఫిగరేషన్ మోడ్‌లో ఉన్నంతసేపు వాల్వ్ అప్పటికి ఉన్న స్థానంలోనే నిలిచి, వచ్చే సిగ్నల్‌ను పట్టించుకోదు. అందువల్ల నడుస్తున్న ప్లాంటులో ఆపరేటర్‌కు చెప్పి, లూపును మాన్యువల్‌లో పెట్టించి, అవసరమైతే బైపాస్ తీసుకున్న తర్వాతే బటన్ మీద వేలు పెట్టాలి.